శివరాత్రి నుంచి అక్షయ తృతీయ దాకా భీమిలి తీరం

అమ్మా, మీ వారికి విశాఖపట్నంలో రెండు నెలల పని పడిందని, శివరాత్రి వెళ్ళగానే బయల్దేరి అక్షయ తృతీయ దాకా భీమునిపట్నంలో అద్దె ఇంట్లో ఉండబోతున్నారని, ఉప్పల్‌లో పుట్టి పెరిగిన మీ నాలుగేళ్ళ అబ్బాయి ఇంతవరకు సముద్రం చూడలేదని రాశారు. ఉత్తర కోస్తాలో వసంతమనేదే ఉండదని, చలి పోగానే ఉక్కపోత వచ్చి పడుతుందని మీ బంధువులు అన్నారట. అది నిజమేనా, ఆ రోజుల్లో బిడ్డకు చూపించదగినవి ఏముంటాయి, దేనికి జాగ్రత్త పడాలి అని అడిగారు.

నేను ఆ భీమునిపట్నంలోనే, మా వాడుకలో భీమిలిలో, పుట్టాను. ముప్పై ఏళ్ళకు పైగా హైదరాబాద్‌లో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెప్పి, ఇప్పుడు తార్నాకలో విశ్రాంతిగా ఉంటున్నాను. ఈ ముప్పై ఏళ్ళలో ఫాల్గుణ, చైత్ర మాసాల్లో కనీసం రెండు వారాలైనా ఊరికి వెళ్ళి రాకుండా ఉన్న సంవత్సరాలు చాలా తక్కువ. మీ బంధువులు చెప్పినదాంట్లో ఉక్కపోత మాట నిజమే. వసంతం ఉండదన్న మాట మాత్రం చెట్ల వంక చూసి చెప్పినది. మన హైదరాబాద్‌లో ఆకు రాలడం, వికారాబాద్ దారిలో మోదుగలు ఎర్రగా పూయడం, కానుగలు లేత ఆకుపచ్చగా చిగిర్చడం చూసి వసంతం వచ్చిందని తెలుసుకుంటాం. భీమిలిలో ఆ కబురు ముందుగా గాలి తెస్తుంది, తర్వాత నీళ్ళు తెస్తాయి, ఆ తర్వాతే చెట్లు. ఈ వరుస తెలిసి వెళితే మీకు ప్రతి వారం ఒక కొత్త సంగతి కనిపిస్తుంది.

ముందు గాలి గురించి వివరంగా చెబుతాను, ఎందుకంటే మిగిలినవన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. చలికాలంలో తెల్లవారుజామున గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది, కొంచెం చలిగా, పొడిగా ఉంటుంది. ఫిబ్రవరి చివరికి వచ్చేసరికి ఈ నేలగాలి బలహీనపడుతుంది. మార్చిలో ఒక రోజు పొద్దెక్కకముందే దక్షిణం వైపు నుంచి తడిగా, కొంచెం బరువుగా ఒక గాలి మొదలై సాయంత్రం దాకా ఆగకుండా వీస్తుంది. నా చిన్నప్పుడు మా వీధి చివర ఉండే ముసలి జాలరి తాత ఇంటి ముందు అరుగు మీద కూర్చుని, ముక్కు కొంచెం పైకెత్తి వాసన చూసి, "గాలి తిరిగిపోనాది బావూ, ఇంక సలి లేదు" అనేవాడు. పంచాంగం చూడకుండా ఆయన ఆ మాట అన్న రోజే మాకు వసంతం మొదలైనట్టు లెక్క. మీరు మార్చి మొదటి వారం నుంచి రోజూ పొద్దున్నే మేడ మీద ఆరేసిన తువ్వాలు ఏ దిక్కుకు ఊగుతోందో అబ్బాయికి చూపించండి. నాలుగేళ్ళ పిల్లవాడికి అది బాగా అర్థమవుతుంది, ఆ మార్పును వాడే ముందుగా పట్టుకున్నా ఆశ్చర్యం లేదు.

ఈ గాలి మారడం వల్ల సముద్రంలో జరిగే పని చాలా విశేషమైనది. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా సాగుతుంది. నైరుతి గాలి ఆ తీరానికి సమాంతరంగా కొన్ని రోజులు ఆగకుండా వీస్తే, భూమి తిరుగుడు ప్రభావం వల్ల పైనీరు గాలికి కుడి పక్కకు, అంటే తీరం నుంచి దూరంగా జరుగుతుంది. ఖాళీ అయిన ఆ చోటును నింపడానికి అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుంది. అది పోషకాలున్న నీరు కాబట్టి దానిలో వృక్ష ప్లవకాలు, అంటే నీటిలో తేలుతూ బతికే కంటికి కనిపించని మొక్కల్లాంటి జీవాలు, విపరీతంగా పెరుగుతాయి, వాటి కోసం చిన్న చేపలు, ఆ చిన్న చేపల కోసం పెద్ద చేపలు ఒడ్డుకు దగ్గరగా వస్తాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం సముద్ర శాస్త్రజ్ఞులు విశాఖ తీరంలో ఈ మార్పును 1950ల నుంచి గమనిస్తూ వచ్చారు. మార్చి, ఏప్రిల్‌లో ఎండ మండిపోతున్నా కొన్ని రోజులు కాళ్ళకు తగిలే నీరు అనుకున్నదానికంటే చల్లగా ఉండడానికి కారణం ఇదే. చెట్లకు చిగురు ఎలాంటిదో, ఆ సముద్రానికి ఈ ప్లవకాలు అలాంటివని నేను విద్యార్థులకు చెప్పేవాణ్ణి.

ఇక మీ దినచర్య. భీమిలి హైదరాబాద్‌కు సుమారు 5 డిగ్రీల తూర్పున ఉండటం వల్ల అక్కడ సూర్యుడు మనకంటే దాదాపు 20 నిమిషాలు ముందుగా ఉదయిస్తాడు, ఏప్రిల్ మధ్యకు వచ్చేసరికి అయిదున్నర దాటగానే సముద్రం మీద బింబం కనిపిస్తుంది. ఇక్కడి అలవాటు ప్రకారం ఏడు గంటలకు లేచి బయల్దేరితే చూడవలసినదంతా అప్పటికే అయిపోతుంది, ఎండ కూడా ముదిరిపోతుంది. రాత్రి ఎనిమిదికల్లా పిల్లవాణ్ణి పడుకోబెట్టి, ఉదయం అయిదింటికి లేపి, ఏడున్నరకు ఇంటికి తిరిగి వచ్చేటట్టు అలవాటు చేసుకోండి. తర్వాత మళ్ళీ సాయంత్రం అయిదు దాటాక వెళ్ళవచ్చు. హైదరాబాద్‌లో ఏప్రిల్ ఎండ 38 డిగ్రీల చుట్టూ ఉంటే అక్కడ 33, 34 దగ్గరే ఆగుతుంది, కానీ గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, రాత్రి కూడా పెద్దగా చల్లబడదు. పిల్లలకు చెమటకాయలు తప్పవు. పలుచని నూలు బట్టలు, రెండు పూటలా స్నానం, ఏప్రిల్‌లో తాటిముంజలు రాగానే వాటిలోని నీటిని ఒంటికి రాయడం మా ఇంట్లో తరతరాలుగా చేసిన పని.

పొద్దున్నే ఒడ్డు వెంబడి ఉత్తరంగా, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు దాకా నడవండి. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల మీదుగా వచ్చే ఆ నది ఈ కాలానికి సన్నబడిపోయి, ఇసుక తిన్నెల మధ్య నిదానంగా పాకుతూ వస్తుంది. అక్కడ మార్చి నెలలో మీరు తప్పకుండా చూడవలసినది గల్ పక్షుల తల. చలికాలమంతా ఇక్కడ గడిపే ఈ పక్షుల్లో ఒక రకానికి తల తెల్లగా, కంటి వెనక ఒక నల్లని మచ్చతో ఉంటుంది. ఫిబ్రవరి చివరి నుంచి ఆ తెల్లని తల మీద గోధుమ రంగు మచ్చలు మచ్చలుగా మొదలై, మూడు నాలుగు వారాల్లో ముఖమంతా కాఫీ రంగు ముసుగు తొడిగినట్టు అవుతుంది. అది వాటి పెళ్ళి బట్ట. ఆ ముసుగు పూర్తయిన పక్షులు హిమాలయాల అవతలి ఎత్తైన సరస్సులకు, లడఖ్, టిబెట్ వైపు గూళ్ళు పెట్టడానికి బయల్దేరిపోతాయి. గుంపులో ఈ రోజు ఎన్ని తెల్ల తలలు, ఎన్ని గోధుమ తలలు ఉన్నాయో అబ్బాయి చేత లెక్క పెట్టించండి. ఒక రోజు వెళ్ళేసరికి తిన్నె మీద రెండు మూడు పిల్ల పక్షులు తప్ప ఏవీ ఉండవు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చలికాలంలో గూళ్ళు కట్టుకునే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు కూడా ఇంచుమించు అదే రోజుల్లో పిల్లలతో సహా వెళ్ళిపోతాయి కాబట్టి, వాటిని చూడాలనుకుంటే మార్చి దాటనివ్వకండి.

ఇసుక మీద రెండు మొక్కల్ని పిల్లవాడికి పరిచయం చేయండి. ఒకటి బాలబండి తీగ, మేక గిట్ట ఆకారంలో ఉండే దళసరి ఆకులు, ఊదారంగు పూలు. అది ఇసుకను పట్టి ఉంచుతుంది, పీకనివ్వకండి. రెండోది రావణాసురుడి మీసాలని పిలిచే గడ్డి. దాని ఎండిన పూగుత్తి పిల్లవాడి తలంత పెద్ద ముళ్ళ బంతిలా ఉండి, ఎండలు ముదిరాక మొక్క నుంచి విడిపోయి, దక్షిణపు గాలికి ఒడ్డంతా దొర్లుకుంటూ పోతుంది. దాని వెంట పరుగెత్తని పిల్లవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ముళ్ళు గుచ్చుకుంటాయి కాబట్టి చేత్తో పట్టుకోకుండా వెంట పరుగెత్తడం వరకే ఉండనివ్వండి.

తాబేళ్ళ సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. ఒడిశాలో రుషికుల్య, గహిర్మాత తీరాల్లో వేల సంఖ్యలో ఒకేసారి గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరంలో ఒక్కొక్కటిగా వచ్చి గుడ్లు పెడతాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వాటి కాలం. రాత్రి పూట ఆడ తాబేలు అల దాటి పైకి పాకి వచ్చి, వెనక కాళ్ళతో కూజా ఆకారంలో ఒక మూరెడు లోతు గుంట తవ్వుతుంది. ఆ కాళ్ళు తవ్వే తీరు దగ్గర నుంచి చూస్తే మనిషి చేయి గుర్తుకు వస్తుంది: ఒక కాలు గరిటలా ముడుచుకుని ఇసుకను తీసి పక్కన పెడుతుంది, అది పెట్టాకే రెండో కాలు లోపలికి దిగుతుంది. పింగ్‌పాంగ్ బంతుల్లాంటి గుడ్లు 100, 120 దాకా పెట్టి, ఇసుక కప్పి, ఒంటిని అటూ ఇటూ ఊపుతూ చదును చేసి, గంట లోపలే మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళిపోతుంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. వాటిలో ఆడవెన్ని, మగవెన్ని అనేది ఇసుక వేడిని బట్టి నిర్ణయమవుతుంది: వేడి ఎక్కువైతే ఆడపిల్లలు ఎక్కువ. కుక్కలు, నక్కలు గుడ్లు తవ్వేస్తాయి కాబట్టి అటవీ శాఖ వారు, స్వచ్ఛంద కార్యకర్తలు రాత్రుళ్ళు ఒడ్డంతా తిరిగి గుడ్లు సేకరించి, కంచె వేసిన ఇసుక మడుల్లో పాతి, పిల్లలయ్యాక సముద్రంలో వదులుతారు. మార్చి రెండో సగం, ఏప్రిల్ నెల ఈ వదిలే కార్యక్రమాలకు అనువైన సమయం. విశాఖలో అటవీ శాఖ వారిని అడిగితే ఏ రోజు ఎక్కడ వదులుతారో చెబుతారు, జనం దూరంగా నిలబడి చూడవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం మిమ్మల్ని బతిమాలుతున్నాను. అక్కడ ఫోను లైటు వేయకండి, వేసేవాళ్ళుంటే ఆపండి. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు సముద్రం ఎటుందో ఎవరూ చెప్పరు, ఏ వైపు వెలుగు ఎక్కువగా ఉంటే అటు పాకుతుంది. చీకటి రాత్రుల్లో నేల కంటే సముద్రం మీది ఆకాశమే వెలుగుగా ఉంటుంది కాబట్టి కోట్ల ఏళ్ళుగా ఆ లెక్క తప్పలేదు. కొన్నేళ్ళ కిందట ఒక ఏప్రిల్ తెల్లవారుజామున, ఒడ్డున కొత్తగా కట్టిన ఒక అతిథి గృహం ప్రహరీ గోడ పక్కన అరచేతిలో సగం కూడా లేని పిల్లలు పాకుతూ నాకు కనిపించాయి. రాత్రంతా వెలిగిన దీపాల వైపు వచ్చి, గోడ దాటలేక, ఎండిన గడ్డిలో ఇరుక్కుపోయాయి. తువ్వాలులో 31 పిల్లల్ని ఏరి తడి ఇసుక మీద వదిలాను, 14 అప్పటికే చనిపోయి ఉన్నాయి. ఆ గృహం యజమానిని కలిసి మాట్లాడితే మరుసటి ఏడాది నుంచి ఆ నెలల్లో సముద్రం వైపు దీపాలు ఆర్పడానికి ఆయన ఒప్పుకున్నారు, ఇప్పటికీ ఆ మాట నిలబెట్టుకుంటున్నారు. మీరు అద్దెకు తీసుకునే ఇల్లు ఒడ్డుకు ఎదురుగా ఉంటే రాత్రి పది తర్వాత బాల్కనీ దీపం ఆర్పేయండి.

ఒడ్డున పెద్ద తాబేళ్ళ కళేబరాలు కూడా కనిపించవచ్చు, పిల్లవాడు తప్పకుండా అడుగుతాడు. తాబేలు ఊపిరి కోసం పైకి రావాలి, ట్రాలర్ అనే పెద్ద మరపడవ ఈడ్చుకుపోయే వలలో చిక్కుకుంటే రాలేక చనిపోతుంది. దాచకుండా ఆ మాటే చెప్పండి. తాబేలు తప్పించుకునేలా వలకు ఒక తలుపు అమర్చే సాధనం ఉందని, దాన్ని అందరూ అమర్చుకోవాలని కూడా చెప్పండి.

ఇక ఊళ్ళోని జనం వసంతం. ఏప్రిల్ 14 దాకా ఒకలా, 15 నుంచి ఒకలా ఉంటుంది. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. యంత్రం లేని సంప్రదాయ తెప్పలకు ఈ నిషేధం లేదు. మార్చిలో పొద్దున్నే ఒడ్డుకు వచ్చిన పడవల్లో కవళ్ళు, నెత్తళ్ళు, కానాగడతలు కుప్పలుగా ఉంటాయి. మనం ఇక్కడ రాంనగర్ మార్కెట్‌లో వంజరం అని కొనే చేపను అక్కడ కోనెం అంటారు, ఆ పేరుతోనే అడగండి. బేరం ఆడేది ఆడవాళ్ళే, గంపలు పట్టుకుని పడవ ఒడ్డు తాకకముందే మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంటారు. ఏప్రిల్ మూడో వారం వెళ్ళి చూస్తే అదే ఒడ్డున పడవలన్నీ ఇసుక మీదికి లాగి ఉంటాయి, రంగులు వేస్తూ, ఇంజన్లు విప్పుతూ, సరుగుడు నీడలో వలలు బాగు చేస్తూ మగవాళ్ళు కనిపిస్తారు. ఒకాయన కాలి బొటనవేలికి వల తగిలించి బిగువుగా లాగి పట్టుకుని, నూలు చుట్టిన చిన్న పుల్లతో తెగిన కన్నుకు ముడి మీద ముడి వేసుకుంటూ పోతుంటే, మీవాడు అరగంటైనా కదలకుండా చూస్తాడు. అడగండి, వాళ్ళు ఎంతో ఓపికగా చెబుతారు. ఆ రెండు నెలలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలకు ఇచ్చే సాయం 2025లో 20,000 రూపాయలకు పెరిగింది. అయినా ఆ ఇళ్ళలో అవి ఇబ్బంది రోజులే, కాబట్టి అప్పుడు తెప్పల మీద వచ్చే కొద్దిపాటి చేపల దగ్గర ఎక్కువ బేరం ఆడకండి. మన హైదరాబాద్‌లో జూన్ మొదట్లో మృగశిర కార్తెకు అందరం చేపలు కొంటాం కదా, అది సరిగ్గా ఈ నిషేధం లోపలే పడుతుంది. ఆ రోజు తాజా సముద్రపు చేప కంటే చెరువు చేప, కొర్రమీను, బొచ్చె, రవ్వ తినడమే సరైన పని.

చెట్ల విషయం త్వరగా చెబుతాను. విశాఖ నుంచి భీమిలి వచ్చే దారిలోని ఎర్రమట్టి దిబ్బల దగ్గర మార్చి నుంచి జీడిమామిడి పళ్ళు ఎరుపు, పసుపు రంగుల్లో వేలాడుతుంటాయి. పండు తినవచ్చు, కానీ దాని కింద ఉండే పచ్చి గింజను పిల్లవాడి చేతికి ఇవ్వకండి, పెంకులోని జీడి రసం తగిలితే పెదవులు, వేళ్ళు కాలినట్టు పొక్కుతాయి. ఆ దిబ్బలు ఇసుకను గాలి వేల ఏళ్ళ పాటు ఎగదోసి పేర్చగా, అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడినవి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వాటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది, గోడల మీదికి ఎక్కనివ్వకండి, కాలు పెడితే విరిగిపోతాయి. ఉగాదికి వేపపూత ఇక్కడున్నట్టే అక్కడా ఉంటుంది.

ఇంట్లో రెండు సంగతులు. ఉప్పుగాలికి ఇనుము నెలలోనే తుప్పు పడుతుంది కాబట్టి పిల్లవాడి సైకిలు గొలుసుకు నూనె రాస్తూ ఉండండి. అప్పడాలు, బిస్కట్లు, ఉప్పు మూత గట్టిగా ఉన్న డబ్బాల్లో పెట్టుకోండి, లేకపోతే ఒక్క పూటలో మెత్తబడతాయి.

సముద్ర స్నానం గురించి ఖచ్చితంగా చెప్పవలసి ఉంది. విశాఖకు, భీమిలికి మధ్య ఒడ్డు చూడటానికి ఎంత ప్రశాంతంగా ఉన్నా, అలల మధ్య కొన్ని చోట్ల నీరు వెనక్కి బలంగా లాగుతుంది, ఈత వచ్చిన పెద్దవాళ్ళే కొట్టుకుపోయారు. రెండు అలల వరుసల మధ్య ఎక్కడైతే నీరు చదునుగా, అలలు విరగకుండా ఉందో అదే ప్రమాదకరమైన చోటు, చూసేవాళ్ళకు అదే సురక్షితంగా కనిపిస్తుంది. మీ అబ్బాయిని చీలమండ లోతు దాటి వెళ్ళనివ్వకండి, మణికట్టు దగ్గర పట్టుకోండి, తడి వేళ్ళు జారిపోతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువగా వస్తుంది, అప్పుడు ఇసుక పైభాగంలోనే ఆడించండి. నీళ్ళలో దిగాలని మరీ అనిపిస్తే, శుభ్రమైన, సురక్షితమైన తీరాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపును 2020లో పొందిన రుషికొండకు వెళ్ళి, లైఫ్‌గార్డులు చూపించిన హద్దు లోపలే దిగండి.

అక్షయ తృతీయ నాడు సింహాచలంలో చందనోత్సవం, స్వామి నిజరూప దర్శనం ఆ ఒక్క రోజే కాబట్టి ఊళ్ళకు ఊళ్ళే కదిలి వస్తాయి. నాలుగేళ్ళ బిడ్డతో ఆ వరుసలో నిలబడటం కష్టం. దానికి వారం పది రోజుల ముందు ఒక మామూలు ఉదయం వెళ్ళండి, మెట్ల దారిలో సింహాచలం సంపెంగలు అమ్ముతుంటే ఒక దోసెడు కొనుక్కోండి. తిరుగు ప్రయాణానికి ముందు రోజు ఊళ్ళో సువర్ణరేఖ మామిడి పండ్లు దొరుకుతాయి. సగం పండినవి తీసుకుని, ఎండుగడ్డి పరిచిన అట్టపెట్టెలో పెట్టించుకోండి, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పొద్దున్న సికింద్రాబాద్‌లో దిగాక ఇంట్లో రెండు రోజులుంచితే సరిగ్గా పక్వానికి వస్తాయి.